గోడ మీద బీము బరువు దిగేచోట పునాది ఎలా వేయాలి: కొలతలు, లెక్క, క్రమం

దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు పిల్లర్లు లేకుండా ఇటుక గోడల మీదే స్లాబు వేసే ఇళ్లు ఇప్పటికీ చాలానే లేస్తున్నాయి. వాటిలో హాలు కాస్త పెద్దదైతే నడుమ ఒక బీము తప్పదు. అప్పుడు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: గోడ పొడవునా రెండడుగుల పునాది వేస్తున్నాం కదా, బీము కూర్చునే చోట కూడా అదే చాలదా?

చాలాసార్లు చాలదు. అక్కడ నేల కుంగి ఇల్లు కూలుతుందని కాదు. గోడలో మిగతా భాగం ఒకలా, ఆ ముక్క మరొకలా దిగుతుంది, ఇటుక గోడ ఆ తేడాను భరించలేదు. కాబట్టి బరువు నేల బలానికి లోబడి ఉందా అన్నది సగం లెక్క. గోడ పొడవునా నేల మీది ఒత్తిడి దాదాపు ఒకేలా ఉందా అన్నది మిగతా సగం. ఈ రెండో సగాన్ని మొదట్లో నేనే వదిలేశాను. ఇల్లు కట్టిన రెండో వానాకాలానికి కిటికీ కింది గోడలో నిలువు పగులు వచ్చింది. కిటికీ అంచు దగ్గర వేలిగోరు దూరేంత, కిందికి పోయేకొద్దీ సన్నం. బీము బరువుతో కిటికీ పక్క గోడ దిగింది, కిటికీ కింద బరువు లేని నేల దిగలేదు. నడుమ ఉన్న ఇటుక చీలింది.

కింద ఒకే ఉదాహరణను మొదటి నుంచి చివరి దాకా తీసుకెళ్తాను. మీ కొలతలు వేరైనా క్రమం ఇదే.

1. తవ్వకం ముందు చేతిలో ఉండవలసినవి

- గుమ్మాలు, కిటికీలు, బీములు అన్నీ గుర్తించిన ప్లాను. బీము ఎక్కడ కూర్చుంటుందో తెలియకుండా ముగ్గు పోయవద్దు.
- పై అంతస్తు ఎప్పటికైనా వేస్తారా లేదా అన్న స్పష్టమైన మాట. 'తర్వాత చూద్దాం' అంటే వేస్తారనే లెక్క.
- బీము కూర్చునే చోటే తవ్వి చూసిన పరీక్ష గొయ్యి, కనీసం ఒకటిన్నర మీటరు లోతు.
- ఇటుక బలం. చుట్టుపక్కల బట్టీ ఇటుకకూ ఫ్లైయాష్ ఇటుకకూ చాలా తేడా ఉంటుంది, ఒక బట్టీలోనే ఆవానికీ ఆవానికీ తేడా ఉంటుంది. పరీక్ష చేయించండి.

2. నేలను బొటనవేలితో చూడండి

ఈ ప్రాంతంలో మూడు రకాల స్థలాలు ఎదురవుతాయి. కొండ దిగువన గట్టి ఎర్రమొరం. వంశధార, మహేంద్రతనయ ఒడ్డుల దగ్గర ఇసుక. వరిపొలాన్ని మట్టితో మెరక చేసి అమ్మిన స్థలాలు. మూడోదే మోసం చేస్తుంది. పైన మూడడుగులు అందమైన ఎర్రమట్టి ఉంటుంది, కింద పాత మడి జిగురు అలాగే ఉంటుంది.

గొయ్యి అడుగున తడి మట్టి ముద్దను చెదరనీయకుండా తీసి బొటనవేలితో నొక్కండి. భారత ప్రమాణాల పాత పట్టికలో జిగట నేలలకు ఈ కొలతే ఉంది:

- గోరు మాత్రమే దిగితే నేల చదరపు మీటరుకు దాదాపు 24 టన్నులు మోస్తుంది.
- వేలు గట్టిగా అదిమితే గుంట పడితే 15 టన్నులు.
- మామూలుగా నొక్కితేనే గుంట పడితే 10 టన్నులు.
- వేలు కొన్ని సెంటీమీటర్లు లోపలికి పోతే 5 టన్నులు. అక్కడ ఈ వ్యాసం పనికిరాదు, మట్టి పరీక్ష చేయించి ఇంజనీరుతో వేరే పునాది గీయించండి.

ఇది అంచనాకే. రెండంతస్తుల ఇంటికి మట్టి పరీక్ష నివేదిక తెప్పించుకోవడమే మంచిది. నది ఒడ్డు ఇసుకలో మరో సంగతి: వానాకాలంలో ఊటనీరు ఫుటింగు (పునాది అడుగున వెడల్పుగా పరిచే కాంక్రీటు) అడుగు దాకా వస్తే నేల మోసే బలం దాదాపు సగానికి పడిపోతుంది. వేసవిలో పొడిగా ఉన్న గొయ్యిని చూసి లెక్క కట్టవద్దు, పక్కింటి బావిలో ఆగస్టు నెల నీరు ఎంత పైకి వస్తుందో అడగండి. ఇక నల్లరేగడిలో ఎండకు ముడుచుకుని వానకు ఉబ్బే నేల ఉంటుంది కనుక అక్కడ వెడల్పు పెంచడం మందు కాదు.

మన ఉదాహరణ స్థలం మెరక చేసిన మడి. మెరక మట్టి అంతా దాటాక ఒక మీటరు లోతున నేల బలం 10 టన్నులు అనుకుందాం.

3. బరువు లెక్క

హాలు వెడల్పు 6 మీటర్లు. బీములు, చివరి గోడలు 3 మీటర్లకు ఒకటి. గోడ 23 సెంటీమీటర్లు, రెండు అంతస్తులు.

స్లాబు మందం 12.5 సెం.మీ. కాంక్రీటు ఘనపు మీటరు 2.5 టన్నులు కనుక చదరపు మీటరుకు 312 కిలోలు. గచ్చు, పూత కలిపి 130. ఇంట్లో మనుషులు, సామాను బరువు 200. మొత్తం 640 కిలోలు.

బీము మీటరు పొడవుకు 3 మీటర్ల వెడల్పు స్లాబును మోస్తుంది: 1,920 కిలోలు. స్లాబు కింద బీము సొంత బరువు 200. అంటే మీటరుకు 2.12 టన్నులు. ఆరు మీటర్లలో సగం ఒక గోడ మీదికి వస్తుంది: సుమారు 6.4 టన్నులు. మేడ కప్పు బీము నుంచి మరో 6.1. రెండూ కలిపి ఒకే చోట 12.5 టన్నులు.

ఇక గోడ బరువు. ఇటుక కట్టుబడి ఘనపు మీటరు 2 టన్నులు. మూడు మీటర్ల ఎత్తు గోడ అంతస్తుకు మీటరు పొడవుకు 1.38, రెండంతస్తులు 2.76, పిట్టగోడ కలిపితే 3.0 టన్నులు. అడుగున 35 సెం.మీ. బేస్‌మెంటు గోడ 1.3 మీటర్ల ఎత్తు, ఫుటింగు నుంచి గచ్చు మట్టం దాకా: 0.91. మొత్తం మీటరుకు 3.9 టన్నులు.

ఒక పక్క మీటరుకు 3.9, ఇంకో పక్క ఒక్క చోటే అదనంగా 12.5. సమస్య అంతా ఈ రెండు అంకెల్లో ఉంది.

4. బరువు గోడలో ఎలా దిగుతుంది

బీము చివర బరువు సూదిలా కిందికి దిగదు, గొడుగులా విచ్చుకుంటూ దిగుతుంది. ఇటుక గోడలకు భారత ప్రమాణమైన ఐ.ఎస్. 1905 ప్రకారం ఆ విచ్చుకోవడం నిలువు గీత నుంచి 30 డిగ్రీలకు మించి తీసుకోకూడదు. అంటే మీటరు దిగితే ఒక్కో పక్కకు 58 సెం.మీ.

గోడ ఎక్కడా తెగకుండా ఉంటే బీము అడుగు నుంచి ఫుటింగు దాకా నాలుగు మీటర్లు దిగేసరికి బరువు ఐదు మీటర్ల పొడవుకు పరచుకుంటుంది. అప్పుడు భయం లేదు. కానీ పక్కనే గుమ్మమో కిటికీయో ఉంటే గొడుగు అక్కడ మూసుకుపోతుంది. రెండు ఖాళీల మధ్య మిగిలిన గోడ ముక్కే మొత్తం మోయాలి. పైగా ఆ ఖాళీల మీది లింటెల్ (గుమ్మం, కిటికీ పైన వేసే కాంక్రీటు పట్టీ) బరువులో సగం కూడా దాని నెత్తిమీదికే వస్తుంది.

ఉదాహరణలో గుమ్మం 1.0 మీటరు, కిటికీ 1.2 మీటర్లు, మధ్య గోడ ముక్క 1.5 మీటర్లు. ఈ ముక్క వంతుకు వచ్చే పొడవు:

1.5 + (1.0 లో సగం) + (1.2 లో సగం) = 2.6 మీటర్లు.

దాని మీద పడే బరువు: 12.5 + (2.6 × 3.0) = 20.3 టన్నులు. గుమ్మం, కిటికీ ఖాళీల బరువు తీసివేయలేదు. అది మన భద్రతకే వదిలేద్దాం.

5. పునాది కంటే ముందు గోడ నిలుస్తుందా చూడండి

దీన్ని దాటేసి నేరుగా గొయ్యి తవ్వేవారే ఎక్కువ. 20.3 టన్నులను 1.5 × 0.23 తో భాగిస్తే చదరపు మీటరుకు 59 టన్నులు, అంటే 0.59 మెగాపాస్కల్. 5 మెగాపాస్కల్ ఇటుకతో కట్టిన గోడకు అనుమతించే మూల ఒత్తిడి 0.5 దగ్గరే ఆగుతుంది, గోడ ఎత్తునుబట్టి అది ఇంకా తగ్గుతుంది. గోడే తప్పింది. ఎంత గొప్ప ఫుటింగు వేసినా ప్రయోజనం లేదు.

సవరణ: కింది అంతస్తులో ఆ ముక్కను లోపలి వైపు 12 సెం.మీ. మందం పెంచి 35 చేయండి. పెరిగిన ఇటుక బరువు 1.1 టన్ను కలిపితే 21.4 టన్నులు, ఒత్తిడి 0.41 మెగాపాస్కల్. సరిపోయింది. పెంచిన భాగాన్ని తర్వాత అంటించకూడదు, మొదటి వరస నుంచే గోడతో కలిపి పేనుతూ కట్టాలి. పెంచడం ఇష్టం లేకపోతే కిటికీని దూరం జరపండి. పెన్సిల్ గీత చెరపడం అన్నిటికంటే చవకైన పని.

బీము కింద బెడ్ బ్లాకు మరవవద్దు. 23 సెం.మీ. వెడల్పు బీము చివర నేరుగా ఇటుక మీద 23 సెం.మీ. మాత్రమే ఆనితే అక్కడ ఒత్తిడి 1.2 మెగాపాస్కల్, ఇటుక నలిగిపోతుంది. 60 సెం.మీ. పొడవు, 35 వెడల్పు, 20 మందం కాంక్రీటు దిమ్మ వేసి దాని నడిమధ్యన బీమును ఆనించండి.

6. ఫుటింగు వెడల్పు

మధ్య ముక్క బరువు 21.4. దాని వంతు బేస్‌మెంటు గోడ 2.6 × 0.91 = 2.4. కలిపి 23.8 టన్నులు. ఫుటింగు సొంత బరువు, మట్టి కోసం 10 శాతం చేర్చితే 26.2.

నేల మట్టం దగ్గర గుమ్మం కింద కూడా బేస్‌మెంటు గోడ తెగకుండా సాగుతుంది కనుక ఇది 2.6 మీటర్ల పొడవుకు పరచుకోగలదు. మీటరుకు 10.1 టన్నులు. నేల బలం 10 కనుక 1.01 మీటరు వెడల్పు కావాలి. రెండడుగులు, అంటే 60 సెం.మీ. చాలదని ఇక్కడే తేలిపోయింది.

చాలామంది ఇక్కడ ఆగిపోతారు. ఆగకండి. మామూలు గోడ కింద 60 సెం.మీ. వెడల్పుకు ఒత్తిడి ఎంత? 3.9 కి 10 శాతం చేర్చి 0.6 తో భాగిస్తే 7.2 టన్నులు. బీము కింద 1.01 మీటరు వేస్తే 10. ఒకే గోడ కింద ఒకచోట 7.2, పక్కన 10. బీము కింద 1.20 మీటర్లు చేయండి: 8.4 టన్నులు. తేడా ఆరో వంతుకు తగ్గింది. నా కొలబద్ద ఇదే: ఒకే గోడ కింద ఒత్తిళ్ల తేడా ఐదో వంతు దాటకూడదు. ఇది ఏ ప్రమాణ గ్రంథంలోని మాటా కాదు, పగుళ్లు చూసి నేర్చుకున్నది.

కాబట్టి: మామూలు చోట 60 సెం.మీ., బీము కింద 2.7 మీటర్ల పొడవున 1.20 మీటర్లు.

7. మందం, ఇనుము

బేస్‌మెంటు గోడ 35, ఫుటింగు 120. ఒక్కో పక్క 42.5 సెం.మీ. బయటికి వస్తుంది. ఇనుము లేకుండా ఎం 20 (20 మెగాపాస్కల్ బలం) కాంక్రీటుతో వేస్తే ఈ ఒత్తిడికి మందం ఆ పొడుపుకు 1.1 రెట్లు ఉండాలి, అంటే సుమారు 47 సెం.మీ. మందం తగ్గితే ఫుటింగు గోడ అంచు దగ్గర విరుగుతుంది.

ఇనుము వేస్తే 25 సెం.మీ. చాలు:

- గోడకు అడ్డంగా, అడుగున, 10 మి.మీ. చువ్వలు 20 సెం.మీ.కు ఒకటి. చివరలు 15 సెం.మీ. పైకి వంచాలి, లేకపోతే పట్టుకు పొడవు చాలదు.
- గోడ పొడవునా వాటి మీద 10 మి.మీ. చువ్వలు 6.
- అడుగున, పక్కలా 5 సెం.మీ. కవరు, అంటే చువ్వను కప్పే కాంక్రీటు మందం.
- ఫుటింగు కింద 7.5 సెం.మీ. పేద కాంక్రీటు, అంటే సిమెంటు తక్కువగా కలిపినది.

అసలు పని చేసేవి అడ్డం చువ్వలు. అవే కింద ఉండాలి. పొడుగు చువ్వలను కింద పరచి అడ్డం వాటిని పైన వేయడం దాదాపు ప్రతి చోటా చూస్తాను.

ఈ ముక్క మొత్తానికి సిమెంటు ఆరున్నర బస్తాలు, ఇనుము 22 కిలోల చుట్టూ. 'బాబూ, ఇన్నేళ్లుగా ఇలా ఎవరూ అడగలేదు' అని మేస్త్రి అన్నప్పుడు ఈ రెండు అంకెలూ యజమాని ముందు పెట్టండి.

8. పని క్రమం

మెరక మట్టి పూర్తిగా దాటే దాకా తవ్వండి. సహజ నేల మట్టం నుంచి కనీసం అరమీటరు లోతు అన్నది ప్రమాణం. అది కనీసం మాత్రమే, మెరక మట్టి లోతును అందులో లెక్కించకూడదు.

వెడల్పు భాగం, మామూలు భాగం అడుగులు ఒకే మట్టంలో ఉండాలి. నీటి గొట్టంతో చూడండి. మందాల తేడాను పైన ఇటుక వరసతో సరిచేయవచ్చు. పొరపాటున ఒకచోట ఎక్కువ తవ్వితే మట్టి పోసి దిమ్మిస కొట్టి సరిపెట్టవద్దు, పేద కాంక్రీటుతోనే నింపండి.

గొయ్యి తవ్విన రోజే అడుగు కాంక్రీటు పడాలి. జూన్ దాటాక ఇది మరీ ముఖ్యం. ఒక్క రాత్రి వాన నిలిచిందంటే అడుగున నాలుగు వేళ్ల మందం బురద తయారవుతుంది. బురదను తోడి, గట్టి నేల తగిలే దాకా గీకి మళ్లీ మొదలుపెట్టాలి.

ఎం 20 కి 1:1½:3 పాళ్లు వాడితే సిమెంటు బస్తాకు 30 లీటర్ల నీరే గరిష్ఠం. ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. తడపడం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద లేదా స్లాగు కలిసిన సిమెంటుకు 10 రోజులు. ఇక్కడ దుకాణాల్లో దొరికేది ఎక్కువగా రెండో రకమే కనుక పది రోజులని రాసుకోండి.

ఫుటింగు మీద బేస్‌మెంటు గోడ, దాని మీద ప్లింత్ బీము (గచ్చు మట్టం దగ్గర ఇనుముతో వేసే కాంక్రీటు పట్టీ) గోడ పొడవునా తెగకుండా. గుమ్మం దగ్గర ప్లింత్ బీమును ఆపవద్దు.

కాంక్రీటు పోసే ముందు చూసుకోవలసినవి:

- బీము మధ్యగీత నుంచి కట్టిన దారం వెడల్పు ఫుటింగు మధ్యకే వస్తోందా?
- గొయ్యి అడుగున వేలు దిగని నేల ఉందా, నీరు లేదా?
- అడ్డం చువ్వలు కిందే ఉన్నాయా, చివరలు వంచారా?
- కవరు దిమ్మలు కాంక్రీటువేనా? ఇటుక ముక్కలైతే తీయించండి.
- తడి కాంక్రీటులో నీరు పోయించేవారు ఎవరూ దగ్గర లేరా?

9. హద్దు మీది గోడ అయితే

పక్క స్థలంలోకి ఫుటింగు వెళ్లదు. లోపలి వైపు మాత్రమే పెంచితే బరువు ఒక అంచున పడి ఫుటింగు బయటికి ఒరుగుతుంది. బరువు గీత ఫుటింగు మధ్య నుంచి వెడల్పులో ఆరో వంతు దాటితే లోపలి అంచు నేలను నొక్కడమే మానేస్తుంది.

అప్పుడు వెడల్పుకు బదులు పొడవు పెంచండి. గోడ కింద ఇనుముతో పునాది బీము వేస్తే 12.5 టన్నులను నాలుగైదు మీటర్లకు పరచవచ్చు. దానికి చువ్వలు పైనా కిందా కావాలి, ఆ లెక్క ఇంజనీరుతో చేయించండి. ఇంకా తేలిక దారి: బీమును తొంభై డిగ్రీలు తిప్పి హద్దు కాని గోడల మీద ఆనించడం.

10. ఎదురయ్యే తప్పులు, సవరణలు

ఫుటింగు వేశాక యజమాని గుమ్మం జరపడం. బేస్‌మెంటు ఇంకా లేవకపోతే ప్లింత్ బీము లోతు పెంచి ఇనుము చేర్చి బరువును రెండు పక్కలకూ పంచవచ్చు. గోడ లేచాక జరిపితే 4, 5, 6 లెక్కలు మళ్లీ చేయాలి.

బీము కింద మాత్రం ఒక కాంక్రీటు పిల్లరు, విడిగా దాని ఫుటింగు, మిగతాదంతా గోడ మీద. చూడటానికి బలంగా ఉంటుంది. పిల్లరు ఒకలా, గోడ ఒకలా దిగి రెంటి అతుకు దగ్గర నిలువునా పగులుతుంది. పిల్లరు వేయక తప్పకపోతే దాని ఫుటింగు ఒత్తిడిని కూడా గోడ ఫుటింగు ఒత్తిడికి సమంగా పెట్టండి.

పక్క గోతుల అడుగులు వేర్వేరు లోతుల్లో ఉండటం. సెప్టిక్ ట్యాంకు గొయ్యి గోడ పక్కనే తవ్వినప్పుడు ఇది వస్తుంది. ఇసుక నేలలో రెండు ఫుటింగుల అడుగు అంచులు కలిపే గీత రెండు అడ్డానికి ఒకటి నిలువు కంటే ఏటవాలుగా ఉండకూడదు. అంటే ట్యాంకు ఒక మీటరు ఎక్కువ లోతైతే రెండు మీటర్లు దూరం.

ఇప్పటికే పగులు వచ్చిన ఇల్లు. వెంటనే సిమెంటు పూయవద్దు. పగులుకు అడ్డంగా గాజు ముక్కను రెండు చివరలా అంటించి తేదీ రాయండి. ఒక వానాకాలం, ఒక వేసవి గడిచినా గాజు పగలకపోతే కుంగడం ఆగిందన్నమాట, అప్పుడు పూడ్చండి. గాజు పగిలితే పునాది కింద బలం చేర్చాలి. ముందు బీము కింద గట్టి ఆనింపు పెట్టి బరువు దింపుకోవాలి. తర్వాత గోడ కింద ఒకేసారి తవ్వకుండా మీటరు చొప్పున ముక్కలు చేసి, ఒకటో ముక్క తర్వాత రెండోది కాకుండా నాలుగోది, ఆ తర్వాత రెండోది అన్నట్టు దూరం దూరంగా తవ్వి కొత్త కాంక్రీటు వేయాలి. ఒక ముక్క కాంక్రీటు గట్టిపడి, దానికీ పాత గోడకూ మధ్య సందును పొడి సిమెంటు ముద్దతో దట్టించే దాకా పక్క ముక్కలో పార దిగకూడదు.